తీగకు గుచ్చిన ఉత్తరాలు, ముడుపులో రూపాయి

(పాత నాణేలు, తపాలా బిళ్ళలు, కలాలు, కాగితాలు, తూనికరాళ్ళు వంటి వాటి గురించి పాఠకులు పంపే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నాను. బ్యాంకు క్యాష్ కౌంటరులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే మాట అడిగాయి: అనుకోకుండా ఒక పాత వస్తువు చేతికి వచ్చింది, దీన్ని ఏం చేయమంటారు? అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను.)

ప్రశ్న: మా అమ్మమ్మగారి పెంకుటిల్లు అమ్మేశాం. ఖాళీ చేస్తుంటే వంటింటి అటక మీద తీగకు గుచ్చిన ఉత్తరాల కట్టలు దొరికాయి. కార్డులూ కవర్లూ కలిసి ఉన్నాయి. "ఇప్పుడు ఇవన్నీ చదివేదెవరు, పాత పేపర్లవాడికి వేసెయ్యండి" అంటున్నారు మా మేనమామ. నాకు మనసొప్పడం లేదు. వీటికి విలువ ఉంటుందా? బిళ్ళలు ఊడదీసి దాచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వెయ్యకండమ్మా. మీ మేనమామగారికి నా మాటగా చెప్పండి: కిలోల లెక్కన అమ్మితే ఆ కట్టలకు వచ్చే డబ్బుతో ఇంటిల్లిపాదికీ కాఫీ కూడా రాదు. అవి పోతే మాత్రం మళ్ళీ ఎంత పెట్టినా దొరకవు.

ముందు తీగ సంగతి చూడండి. ఉత్తరాలను పట్టుకుని పైకి లాగవద్దు. ఇన్నేళ్ళ తుప్పు కాగితాన్ని కరిచి పట్టుకుని ఉంటుంది. లాగారంటే ప్రతి కార్డుకీ నడుమ ఉన్న చిన్న చిల్లు పెద్ద చీలిక అవుతుంది. పైన కొక్కెంలా వంచిన భాగాన్ని కటింగ్ ప్లయరుతో కత్తిరించండి. తీగ మీద పైకి కనిపించే తుప్పును గరుకు కాగితంతో మెల్లగా రుద్ది తీసేయండి. తరవాత ఒక్కొక్క ఉత్తరాన్నీ రెండు చేతులతో పట్టుకుని నిదానంగా పైకి తీయండి. తీసిన వరస మాత్రం చెడగొట్టకండి. వచ్చిన ఉత్తరాన్ని వచ్చినట్టు తీగకు గుచ్చేవారు కాబట్టి అడుగున ఉన్నది అన్నిటికన్నా ముందు వచ్చింది, పైన ఉన్నది చివర వచ్చింది. ఆ తీగ మీ అమ్మమ్మగారి ఇంటి చరిత్రను తేదీల వారీగా పేర్చి ఉంచిన దస్త్రం. ప్రతి ఉత్తరం వెనక మూలన మెత్తటి పెన్సిలుతో వరస అంకె వేసుకోండి. బాల్ పెన్ను వద్దు.

ఇక బిళ్ళలు. దయచేసి ఊడదీయకండి. చిన్నప్పుడు మనకందరికీ నేర్పింది నీళ్ళలో నానబెట్టి, ఊడదీసి, ఆల్బంలో అతికించడమే. ఊడదీసిన బిళ్ళకూ, కవరు మీద ఉన్న బిళ్ళకూ ఎంతో తేడా. కవరు మీద తపాలా ముద్ర ఉంటుంది, వేసిన ఊరు ఉంటుంది, తేదీ ఉంటుంది, చాలాసార్లు చేరిన ఊరి ముద్ర కూడా ఉంటుంది. ఉత్తరం ఎక్కడ బయలుదేరింది, ఎన్ని రోజుల్లో చేరింది అన్నది ఆ రెండు ముద్రలను బట్టి తెలుస్తుంది. పాత ముద్రల మీద విజయవాడ ఉండదు, బెజవాడ ఉంటుంది. ఏలూరు ఎల్లోర్‌గా, కాకినాడ కోకనాడగా, బందరు మసులిపటంగా ఆంగ్ల అక్షరాల్లో కనిపిస్తాయి. తపాలా చరిత్ర సేకరించేవాళ్ళు ఒక జిల్లాలోని చిన్న చిన్న పోస్టాఫీసుల ముద్రల కోసమే వెతుకుతుంటారు. పెద్ద ఊళ్ళ ముద్రలు బోలెడు దొరుకుతాయి. మీ పక్క పల్లెటూరి బ్రాంచి ఆఫీసు ముద్ర దొరకడమే కష్టం.

తేదీ సరిగా కనబడకపోతే ధరను బట్టి కాలం పోల్చుకోవచ్చు. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది, అప్పట్లో వెల కాణీ, అంటే పావు అణా. అణాల్లో ధర ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది. నయా పైసలు అని ఉంటే ఆ తరవాతది. నిజాం రాజ్యంలో చుట్టాలు ఉండి ఉంటే అక్కడి సొంత బిళ్ళలు కూడా ఉండవచ్చు, చూడండి. 1869లో మొదలైన ఆ తపాలా 1950లో భారత తపాలాలో కలిసిపోయింది. గాంధీగారి బొమ్మ ఉన్న బిళ్ళ కనబడితే ధర చూడండి. 1948 ఆగస్టు 15న నాలుగు రకాలు వేశారు: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. అణాన్నరది ఇళ్ళల్లో దొరుకుతూనే ఉంటుంది. పది రూపాయలది ఇంటి ఉత్తరం మీద ఉండే అవకాశం తక్కువ. ఉంటే మాత్రం అనుభవజ్ఞులకు చూపించకుండా ఎవరికీ ఇవ్వకండి.

ఇంకో సంగతి గమనించండి. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డులు కనిపిస్తాయి, అవి శుభవార్తలు. చావు కబురు తెచ్చిన కార్డులు దాదాపు కనిపించవు. చదవగానే చించి పారేయడం మన ఇళ్ళల్లో ఆచారం. వాటిని తీగకు గుచ్చరు. కాబట్టి మీ కట్టల్లో అలాంటి కార్డు ఒక్కటి మిగిలి ఉన్నా, ఎందుకు మిగిలిందో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టుకోండి.

ఎండలో ఆరబెట్టవద్దు, నీడలో గాలి తగిలేలా పరచండి. సెల్లోటేపు దగ్గరికి రానివ్వకండి. దాని జిగురు కొన్నేళ్ళకు పచ్చబడి కాగితంలోకి దిగిపోతుంది. మడతలు విప్పి, శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టండి. మూడు నెలలకోసారి తెరిచి చెదలు పట్టాయేమో చూసుకోండి. చదవడం మాత్రం వాయిదా వేయకండి. ఆ రాతలోని వాళ్ళు ఫలానా అని గుర్తుపట్టగలవారు మీ ఇంట్లో ఇంకా ఉన్నారు కదా, మీ మేనమామగారితో సహా.

ప్రశ్న: మా నానమ్మ పెట్టెలో చార్మినార్ బొమ్మ ఉన్న నాణెం, జార్జి రాజు బొమ్మ ఉన్న రూపాయలు, పులి ఉన్న రూపాయి ఒకటి దొరికాయి. నల్లగా ఉంటే చింతపండుతో తోమి ఒకదాన్ని మెరిపించాను. మిగతావి కూడా తోమాలా? ఇవి వెండివేనా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: మిగతావి తోమకు బాబూ. ఇత్తడి చెంబుకు చింతపండు మంచిదే, నాణేనికి కాదు. ఆ నలుపు మురికి కాదు, గాలితో కలిసి వెండి మీద ఏర్పడిన పొర. అది నాణేన్ని కాపాడుతుంది. ఎవరూ తోమని నాణెం అని చెప్పే సాక్ష్యం కూడా అదే. తోమిన నాణెం మీద భూతద్దం పెట్టి చూస్తే సన్నటి గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తాయి. సేకరించేవాడు అవి చూడగానే పక్కన పెట్టేస్తాడు. మట్టి అంటుకుని ఉంటే మంచినీళ్ళలో ముంచి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్ది ఆరనివ్వు, అంతే. మెత్తగా వంగే చవక ప్లాస్టిక్కు సంచుల్లో పెట్టకు, కొన్నాళ్ళకు పచ్చటి జిడ్డు పడుతుంది. కాగితపు కవర్లు చాలు.

పులి ఉన్నది 1947 నాటి రూపాయి అయితే అది వెండి కాదు, నికెల్. అయస్కాంతం పెట్టి చూడు, అతుక్కుంటుంది. వెండి అతుక్కోదు. అయితే అతుక్కోనిదంతా వెండి అనుకోకు. రాగి, నికెల్ కలిపిన లోహం కూడా అతుక్కోదు. ఈ పరీక్షతో కొన్నిటిని తీసి పక్కన పెట్టగలవు, అంతవరకే. తరవాత తూకం వెయ్యి. అసలైన వెండి రూపాయి 11.66 గ్రాములు తూగాలి, అరిగి ఉంటే కాస్త తగ్గుతుంది. అదే తులం బరువు. మన కంసాలులు తూకానికి రూపాయి బిళ్ళనే వేసేవారు. జార్జి రూపాయల్లో సంవత్సరం చూడు. 1940కి ముందువాటిలో వెండి నూటికి దాదాపు 92 వంతులు, ఆ తరవాతవాటిలో సగమే. చాలా రూపాయలకు వచ్చే ధర అందులోని వెండిని బట్టే ఉంటుంది. 1911 అని ఉంటే మాత్రం ఆగు. ఆ ఏడాది బిళ్ళ మీద అయిదో జార్జి అంగీ పైన ఉన్న ఏనుగు బొమ్మ పొట్టి తొండంతో పందిలా కనిపిస్తోందని అలజడి రేగింది. ప్రభుత్వం దాన్ని ఆపి, 1912లో బొమ్మ దిద్ది వేసింది. 1939 రూపాయి కూడా అరుదు, అరుదు కాబట్టే దానికి నకిలీలూ ఎక్కువ.

ఇక చార్మినార్ నాణెం. నడిమి తోరణంలో ఉర్దూ అక్షరం ఒకటి ఉంటుంది, భూతద్దంతో చూడు. అది మీమ్ (م) అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలానిది, ఐన్ (ع) అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలానిది. తేదీ హిజ్రీ సంవత్సరంలో ఉంటుంది. 1329 అంటే మనకు 1911, మహబూబ్ అలీఖాన్ పోయిన ఏడు. హైదరాబాదు రూపాయి ఇంగ్లీషు రూపాయి కంటే కొంచెం తేలిక, సుమారు 11.2 గ్రాములు. హాలీ సిక్కా అంటే ఈ హైదరాబాదు రూపాయే, ఏడు హాలీ సిక్కా రూపాయలకు ఆరు ఇంగ్లీషు రూపాయలు వచ్చేవి. మీ నానమ్మగారిని అడుగు, ఆ లెక్క ఆమెకు గుర్తుండవచ్చు. ఆ నాణెం ఎవరు ఇచ్చారో, ఏ సందర్భంలో దాచారో కూడా అడిగి, చీటీ మీద రాసి, నాణెంతో పాటు అదే కవరులో పెట్టు. నాణేనికి నేను ఇవ్వగలిగిన పెద్ద సలహా అదే.

ప్రశ్న: వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకు, ట్రాక్టరు ఉన్న పాత అయిదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామని ఫోనులో వీడియోలు వస్తున్నాయి. ఒకాయనతో మాట్లాడితే ముందు రిజిస్ట్రేషను ఫీజు కట్టమంటున్నాడు. కట్టమంటారా?
– ఒక గృహిణి, అనకాపల్లి

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టకండి. వైష్ణోదేవి నాణేలు 2012 అని సంవత్సరం వేసి, చలామణి కోసం భారీగా వేసినవే. కౌంటరులో నా చేతుల మీదుగా దోసిళ్ళ కొద్దీ వెళ్ళాయి. నిజంగా కొనేవాడు వస్తువు చూసి డబ్బు ఇస్తాడు, అమ్మేవారిని డబ్బు అడగడు. ఫీజు అనగానే ఫోను పెట్టేయండి. పాత నాణేలూ నోట్ల కొనుగోలు, అమ్మకాల పేరుతో తన పేరు వాడుకుని ఫీజులు, పన్నులు వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక ఇచ్చింది. తాము ఇలాంటి లావాదేవీల్లో లేమనీ, ఎవరికీ అధికారం ఇవ్వలేదనీ చెప్పింది.

1818 అని రాసి, ఒకవైపు రామపట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న "ఈస్టిండియా కంపెనీ నాణేలు" కూడా తిరుగుతున్నాయి. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. దేవుడి బొమ్మ ఉంది కాబట్టి పూజలో పెట్టుకోండి, తప్పు లేదు. బియ్యాన్ని ఆకర్షిస్తుందని చెప్పి అమ్మజూపేవాళ్ళ దగ్గర కూర్చోను కూడా కూర్చోకండి. ఇలాంటి మాటలకు ఊళ్ళల్లో పొలాలు అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు. ఈ విషయంలో నాకు చాలా బాధ ఉంది కాబట్టే ఇంత కటువుగా రాస్తున్నాను.

ప్రశ్న: హైదరాబాదులో అయితే ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంత, జుమ్మేరాత్ బజారు ఉన్నాయి. విజయవాడలో లెనిన్ సెంటరు ఉంది. మాలాంటి చిన్న ఊళ్ళల్లో ఉన్నవాళ్ళు ఎక్కడ వెతకాలి?
– ఉపాధ్యాయుడు, మార్కాపురం

జవాబు: మాస్టారూ, ఆ సంతల్లో దొరికేవి అప్పటికే కొందరి కళ్ళు పడినవి. తెల్లవారుజామున టార్చిలైటుతో వచ్చి ఏరుకుపోయేవాళ్ళు ఉన్నారక్కడ. చిన్న ఊళ్ళో ఉన్నవారికే అనువు ఎక్కువ. మూతపడిన పనులు ఏవేవి ఉన్నాయో ఆలోచించండి. ప్రతి ఊళ్ళో ఒక అచ్చాఫీసు ఉండేది. కంప్యూటర్లు వచ్చాక సీసపు అక్షరాలు కరిగించడానికి వెళ్ళిపోయాయి. పెద్ద పోస్టర్లకు వాడిన చెక్క అక్షరాలు, పెళ్ళి శుభలేఖల మీద వేసే వినాయకుడి బ్లాకులు మాత్రం కొన్నిచోట్ల ఇంకా సొరుగుల్లో పడి ఉన్నాయి. గడియారాలు బాగుచేసే ముసలాయన బల్ల కింది డబ్బా, దర్జీ బొత్తాల డబ్బా, పాత కిరాణా కొట్టు గల్లాపెట్టె అడుగు... ఇవన్నీ అడిగి చూడాల్సిన చోట్లు. గల్లాపెట్టెలో అరల కింద కాగితం పరిచి ఉంటుంది. ఆ కాగితం కిందికి జారిన బిళ్ళలను ఎవరూ తీయరు. నడుమ చిల్లు ఉన్న కాణీలు నేను చూసింది ఎక్కువగా అక్కడే. 1943 నుంచి 1947 వరకు యుద్ధకాలంలో రాగి పొదుపు కోసం అలా వేశారు.

అన్నిటికన్నా నేను ఎక్కువ సేపు నిలబడే చోటు ఇత్తడి సామాన్ల కొట్టు వెనక భాగం. పాత ఇత్తడి ఇచ్చి కొత్త స్టీలు తీసుకుంటారు జనం. ఆ పాతదంతా వెనక గుట్టగా పడి ఉంటుంది, లారీ నిండితే కరిగించడానికి పోతుంది. అందులో గిద్ద, సోల, తవ్వ, మానిక వంటి కొలపాత్రలు, సేరు, వీశె రాళ్ళు ఉంటాయి. 1958 అక్టోబరు నుంచి మన దేశంలో దశలవారీగా మెట్రిక్ తూనికలు వచ్చాయి. ఆ తరవాత పాత రాళ్ళు చెల్లకుండా పోయాయి. వీశె అంటే 120 తులాలు, మన లెక్కలో సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. ఎనిమిది వీశెలు ఒక మణుగు. రాయి కొనే ముందు బోర్లించి చూడండి. అడుగున చిన్న గుంటలో సీసం పోసి, దాని మీద తనిఖీ అధికారి ముద్ర కొట్టి ఉంటుంది. తనిఖీ చేసినప్పుడల్లా ఒక ముద్ర. ఒకదాని మీద ఒకటి పడ్డ ఆ ముద్రలు ఉన్న రాయిని వదలకండి, శుభ్రంగా తోమి నున్నగా చేసిన రాయి కంటే అది ఎంతో మేలు. కొట్టువాడికి ఇత్తడి బరువు ధర కంటే కాస్త ఎక్కువ ఇస్తామంటే సంతోషంగా ఇస్తాడు. "ఇలాంటివి వస్తే పక్కన పెట్టు" అని చెప్పి రండి. తరవాతి సారి వెళ్ళేసరికి మీకోసం ఒక గోనెసంచి సిద్ధంగా ఉంటుంది.

ఇంకో చోటు చెబుతాను, అది కొనడానికి కాదు, చూడటానికి. గుడి హుండీ లెక్కింపు. బ్యాంకు తరఫున నన్ను పంపేవారు. మండపంలో జంబుఖానా పరిచి, సీలు తీసి హుండీ బోర్లిస్తారు. పసుపు, కుంకుమ, అక్షింతలు, ఎండిన పూరేకులు, మడతలు పెట్టిన నోట్లు, వాటి నడుమ పసుపు గుడ్డలో కట్టిన ముడుపులు. ఏదో మొక్కుకుని తరాల కిందట ముడుపు కట్టి దేవుడి గదిలో పెడతారు, మొక్కు తీరకుండానే వాళ్ళు వెళ్ళిపోతారు, మనవలు వచ్చి హుండీలో వేస్తారు. ఆ ముడి విప్పితే విక్టోరియా రూపాయి, రాగి కాణీ, ఒక్కోసారి ఊరూ పేరూ రాసిన చీటీ. ముడుపు కట్టిన నాటి నుంచి ఎవరి చేతిలోనూ అరగని బిళ్ళలు అవి. తిరుమలలో పరకామణి సేవకు వెళ్ళినవారికి ఈ దృశ్యం ఇంకా పెద్ద ఎత్తున తెలుసు. అవి దేవుడి సొత్తు, తీసుకునే హక్కు మనకు లేదు. నేను గుడి పెద్దలను కోరేది ఒక్కటే. వెండి కదా అని తూకం వేసి కరిగించడానికి పంపకండి. ఏ సంవత్సరం బిళ్ళలు ఎన్ని అని రిజిస్టరులో రాయించి, ఒక గాజు పెట్టెలో గుళ్ళోనే ఉంచండి. ఆ ఊరివాళ్ళ మొక్కులు ఆ ఊళ్ళోనే ఉంటాయి.

ప్రశ్న: పాత పేపర్ల బండి అతని దగ్గర కిలోల లెక్కన కొన్న కాగితాల్లో పాత స్టాంపు పేపర్లు, రైల్వే అట్ట టికెట్లు దొరికాయి. వాటి విలువ అతనికి తెలియదు, నాకు తెలుసు. చెప్పకపోవడం మోసమా?
– ప్రైవేటు ఉద్యోగి, నిజామాబాదు

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకే మీకు నమస్కారం. నా పద్ధతి నేను చెబుతాను. పాత వస్తువులు అమ్మడమే వృత్తిగా ఉన్న దుకాణదారు ఒక ధర చెబితే, ఆ ధర ఇచ్చి తీసుకోవడంలో తప్పు లేదు. తెలుసుకోవడం అతని పని కూడా. ఒక ఇంటికి వెళ్ళి, భర్త పోయిన పెద్దావిడ దగ్గరో, ఇల్లు ఖాళీ చేస్తున్న పిల్లల దగ్గరో కొనేటప్పుడు మాత్రం అసలు విలువ చెప్పే కొనాలి. అక్కడ మౌనంగా ఉండటం దొంగతనంతో సమానం అంటాను. మీ బండి అతను ఈ రెండిటికీ మధ్యవాడు. ఎండలో బండి తోసుకుంటూ వీధులు తిరిగేవాడు. అతనికి దొరికినదానిలో వాటా ఇవ్వండి. ఎందుకు ఇస్తున్నారో చెప్పండి, టికెట్టు ఎలా ఉంటుందో, స్టాంపు పేపరు మీద ఏం చూడాలో చూపించండి. అతని కళ్ళు తయారైతే ఆ వీధుల్లో చింపి పారేసేవి సగం బతుకుతాయి.

స్టాంపు పేపర్లు రాసి ఉన్నవైతే చదవండి. దాని మీద ఉన్న పొలం హద్దులు, పేర్లు ఏదో ఒక కుటుంబానికి అవసరమైనవి కావచ్చు. ఆ కుటుంబం ఆచూకీ తెలిస్తే ముందు వాళ్ళకు చూపించండి.

ప్రశ్న: పొలంలో గుంట తవ్వుతుంటే చిన్న కుండలో పాత నాణేలు బయటపడ్డాయి. ఎవరికీ చెప్పవద్దని, చెబితే ప్రభుత్వం తీసేసుకుంటుందని బంధువులు భయపెడుతున్నారు. మా ఇంట్లో తాళపత్రాలు కూడా ఉన్నాయి. వాటిని అమెరికాలో ఉన్న మా అబ్బాయి పట్టుకెళతానంటున్నాడు.
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: అన్నా, రెండిటికీ విడివిడిగా చెబుతాను.

కుండ సంగతి వెంటనే మీ తహసీల్దారు ద్వారా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉండి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే చాలు, చెప్పి తీరాలి. చెప్పకపోతే దొరికినవారి వాటా పోవడమే కాక జైలుశిక్ష కూడా ఉంది. చెబితే అంతా పోతుందన్నది నిజం కాదు. హక్కుదారు ఎవరూ లేరని తేలితే దొరికినవారికీ, నేల సొంతదారుకూ వాటా ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది. ప్రభుత్వం ఉంచుకోదలిస్తే లోహం విలువ, దాని మీద అయిదో వంతు అదనంగా చెల్లించాలి. దొరికినవారూ మీరే, పొలమూ మీదే కాబట్టి రెండు వాటాలూ మీవే.

నేను చెప్పమనడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ నాణేలు మన నేలలో దొరికాయి. కోటిలింగాల, అమరావతి వంటి చోట్ల ఏ నాణెం ఏ లోతులో, ఏ వస్తువు పక్కన దొరికిందో తెలిసింది కాబట్టే చరిత్ర రాయగలిగారు. అదే నాణెం సంతలో చేతులు మారి వస్తే అది ఉట్టి సీసపు ముక్క. కుండను కదిలించకుండా ఉంటే అలాగే ఉంచండి. తీసేసి ఉంటే పెంకులు కూడా పారేయకండి. గుంట ఎంత లోతో కొలిచి, ఫోనుతో ఫోటోలు తీసి పెట్టండి.

తాళపత్రాలు దేశం దాటించవద్దని మీ అబ్బాయికి చెప్పండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పట్టుకెళ్ళడం నేరం. శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకు ఆ గడువు 75 ఏళ్ళే. విమానాశ్రయంలో పట్టుబడితే పత్రాలూ పోతాయి, ఆ పిల్లవాడి పరువూ పోతుంది. ఇంట్లో ఉంచుకోలేకపోతే తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాల భాండాగారం ఉంది, వాళ్ళకు రాయండి. పత్రాల ఫోటోలు తీసుకుని వెళ్ళడానికి మీ అబ్బాయికి ఏ అడ్డూ లేదు. ముందు ఆ పని చేయించండి, ఎందులో ఏముందో అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: పాత ట్రంకు పెట్టెలో మా తాతగారి రాజమండ్రి పెన్ను దొరికింది. నల్లగా ఉండాల్సింది గోధుమరంగుకు తిరిగింది, ఇంకు గడ్డకట్టి పాళీ కదలడం లేదు. వేడినీళ్ళలో వేస్తే వస్తుందా? ఇది రత్నం పెన్నో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: వేడినీళ్ళు వద్దు. ఆ పెన్ను ఎబొనైటుతో చేసింది. రబ్బరును గంధకంతో గట్టిపరిస్తే వచ్చే పదార్థం అది. వెలుతురు తగిలితే రంగు మారుతుంది, వేడినీళ్ళు తగిలితే ఇంకా మారుతుంది. మామూలు చన్నీళ్ళ గ్లాసులో పాళీ వైపు భాగం మాత్రమే మునిగేలా ఒక రాత్రి ఉంచండి. ఉదయానికి నీళ్ళు నీలంగా మారతాయి. అవి పారబోసి, మళ్ళీ తాజా నీళ్ళు పోయండి. నీళ్ళు తేటగా మిగిలేదాకా ఇలాగే చేయండి. పాళీని పటకారుతో పీకవద్దు, గడ్డ కరిగితే దానంతటదే వదులవుతుంది. లోపలి ఇంకు గొట్టానికి ఇంకు పోసే ఫిల్లర్‌తో నీళ్ళు ఎక్కించి వంచేయండి.

రాజమండ్రిలో రత్నం పెన్నులు 1932 నుంచి ఉన్నాయి. 1935లో గాంధీగారు ఆ స్వదేశీ పెన్ను బాగుందని ఉత్తరం రాశారు. ఆ ఊళ్ళో ఇతరులు కూడా చేతి లేతు మీద తిప్పి పెన్నులు చేసేవారు, కాబట్టి రాజమండ్రి పెన్నంతా రత్నం కాదు. పాళీ మీద, గొట్టం మీద చెక్కిన అక్షరాలు ఉన్నాయేమో వాలు వెలుతురులో చూడండి. అరిగిపోయిన అక్షరాలు నేరు వెలుతురులో కనిపించవు. వాటి ఫోటో తీసి పంపితే వచ్చే నెల చెబుతాను. ఈలోగా నలుపు తెప్పిస్తానని ఎవరైనా అంటే మెరుగు పెట్టించకండి. పైపొర అరగదీస్తేనే గానీ ఆ నలుపు రాదు, దానితోపాటు ఆ అక్షరాలూ పోతాయి.